పట్టుగూళ్ల నగలకు సముద్రపు గాలి పరీక్ష

సంపాదకులకు నమస్కారం.

విశాఖలో పట్టుగూళ్లతో జుంకాలు, హారాలు చేసేవారికి, నేర్పేవారికి కొన్ని సూచనలు. రెక్కల పురుగు బయటికి వెళ్లిపోయిన గూళ్లే తీసుకోండి. వాటి దారం తెగి ఉంటుంది కాబట్టి ఒకే పొడవాటి పట్టుదారంగా తీయడానికి పనికిరావు, నగలకు అవే మేలు. కోయని గూట్లో ప్యూపా (రెక్కలు రాకముందు దశలోని పురుగు) మిగిలితే నూనె మరక, వాసన, ఆపై పెంకుపురుగులు.

పైనున్న పీచు ఒలిచి, లోపలి పొట్టు దులపాలి. రంగు గోరువెచ్చని నీళ్లలోనే వేయాలి. మరిగిస్తే గూటిని గట్టిగా పట్టి ఉంచే సెరిసిన్ జిగురు కరిగి, గూడు గుడ్డపేలికలా వాలిపోతుంది. ఎక్కువమంది గూళ్లను పాడుచేసుకునేది ఇక్కడే. తడిగా ఉండగానే పెన్సిల్ మీద ఆకారం సరిచేసి నీడన ఆరబెట్టాలి. మొండి కత్తెరతో కోస్తే పొరలు విడిపోతాయి. కోసిన అంచుకు ఫెవికాల్‌లో సమానంగా నీళ్లు కలిపి పలుచగా పూయాలి. రంధ్రానికి కాల్చిన సూది వద్దు. పట్టు నైలాన్‌లా కరగదు, మాడి నల్లబడుతుంది.

మన తీరంలో ఇనుప కొక్కేలు త్వరగా తుప్పు పట్టి గూటిని మరకచేస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. పక్కన ఏటికొప్పాక లక్కపూసలు గుచ్చితే ఎంత అందమో! అంకుడు కర్ర తేలిక, చెవికి బరువుండదు.

ఫ్రెంచి కళాకారుడు హ్యూబర్ట్ డుప్రా 1980ల నుంచి నీటిలో ఇసుక, పుల్లలతో గూడు కట్టుకునే క్యాడిస్ పురుగులకు బంగారు రేకులిచ్చి వాటిచేతే గూళ్లు కట్టించారు. అలాగే మనవాళ్లు కుమ్మరి కందిరీగ కట్టే మట్టికుండలాంటి గూటి ఆకారాన్ని టెర్రకోట నగల్లో చేయొచ్చు. నమూనా కోసం పిల్లలున్న గూటిని మాత్రం గోడ నుంచి పెరకొద్దు, ఫొటో చాలు.

– హస్తకళల శిక్షకులు, విశాఖపట్నం