ఇకపై డాల్ఫిన్ల మధ్యకు ఎవరినీ దించను

సంక్రాంతి సెలవుల్లో మాతో మారిషస్ వచ్చిన ఏడు కుటుంబాలవారికి, మే నెల ప్రయాణానికి అడ్వాన్సు కట్టిన నెల్లూరు, కావలి, ఒంగోలు వారికి ఈ ఉత్తరం రాస్తున్నాను. జరిగింది ఇప్పటికే సగం సగంగా మీ చెవిన పడి ఉంటుంది. మిగతా సగం వేరేవాళ్ల నోటి నుంచి వినడం కంటే నా దగ్గరే వినడం న్యాయం.

‘డాల్ఫిన్లతో ఈత, నీళ్లంటే భయం ఉన్నవారికి కూడా’ అని దర్గామిట్టలోని మా ఆఫీసు గోడ మీద రాయించింది నేనే. మైపాడు సముద్రంలో మోకాళ్ల లోతు దాటితే పెద్దవాళ్లు కేకలు వేసి వెనక్కి పిలిచే ఊళ్లలో పెరిగినవాళ్లం మనం. అల వెనక్కి ఈడ్చుకుపోతుందన్న భయం చిన్నప్పుడే పట్టుకుంటుంది. నాకు ఈత వచ్చిందంటే సర్వేపల్లి కాలువలో మా నాన్న నా నడుముకు సొరకాయ బుర్రలు కట్టి నేర్పించడం వల్లనే. అలాంటి ఓపికతో దించితే ఎవరైనా నీళ్లలోకి దిగుతారన్న నమ్మకంతోనే ఆ మాట రాయించాను. ఈ రోజు దాన్ని చెరిపించాను.

పడవల కాంట్రాక్టరుతో మా ఒప్పందం కాగితం మీదే ఉంది. ఇరవై ఆరు మందికి మూడు పడవలు, పడవకొక ఈతగాడు, పట్టుకోవడానికి తాడూ ట్యూబూ, పిల్లలకు వారి కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు. ఎవరినీ దూకమనకూడదు, నిచ్చెన మీదుగా మెల్లగా దించాలి. ఈ చివరి మాటను నేను రెండుసార్లు రాయించి సంతకం తీసుకున్నాను. తీరా ఆ ఉదయం టమరిన్ తీరానికి వెళ్లేసరికి ఉన్నవి రెండే పడవలు. రెండింటికీ కలిపి ఒక్కడే ఈతగాడు. జాకెట్లన్నీ పెద్దవాళ్లవే. అక్కడే ఆపేసి అందరినీ హోటలుకు తీసుకెళ్లిపోవలసింది నేను. ఇంత దూరం వచ్చారు, పిల్లలు రాత్రంతా నిద్ర పోలేదు అనుకుని ఎక్కించాను. ఆ తప్పు కాంట్రాక్టరుది కాదు, నాదే.

తరువాత జరిగింది పడవలో ఉన్నవారందరూ చూశారు. అప్పటికే అక్కడ మరో ఎనిమిది, తొమ్మిది పడవలు తిరుగుతున్నాయి. మా పడవవాడు వాటిని దాటి, డాల్ఫిన్ల గుంపుకు అడ్డంగా తీసుకెళ్లి నిలిపి ‘దూకండి, దూకండి’ అని అరవడం మొదలుపెట్టాడు. కావలి నుంచి వచ్చిన పెద్దమ్మ నిచ్చెన చివరి మెట్టు మీద ఉండగానే పడవ కదిలింది. ఆమె నీళ్లలో పడింది. వదులుగా ఉన్న జాకెట్ గడ్డం పైదాకా లేచిపోయి, ముక్కూ నోరూ నీళ్లలో, జాకెట్ మాత్రం పైన. నేను దూకి పట్టుకునేలోపు ఆమె రెండు మూడు గుక్కల ఉప్పునీళ్లు మింగింది. అది చూసిన తొమ్మిదేళ్ల బాబు పడవ అంచు పట్టుకుని ఎంతకీ వదలలేదు. ఆ తరువాత హోటలు కొలనులో కూడా దిగలేదు. పెద్దమ్మ క్షేమంగానే ఉంది. మొన్న వెళ్లి చూసి వచ్చాను, కాఫీ ఇచ్చి పంపింది. ఆ ఇంట్లో నాకు మాట పెగల్లేదు.

ఒడ్డుకు వచ్చాక కాంట్రాక్టరు నాతో అన్న మాట: ‘ఈత రానివాళ్లను ఎందుకు తీసుకొచ్చారు?’ ఈత రానివారి కోసమనే కదా అతనికి మామూలు ధర కంటే ఎక్కువ కట్టింది! వారం తరువాత, వచ్చేసారి ధర తగ్గిస్తానని కబురు పంపాడు. పరిహారం అడిగితే ఫోను ఎత్తడం మానేశాడు. ఉగాదికి ప్రభుత్వ సెలవు ఇచ్చే దేశం అది. కోరంగి రేవు నుంచి కూలీలుగా ఓడలెక్కి వెళ్లిన మన తెలుగువారి మునిమనవలు ఉన్న నేల. అక్కడ మనవాళ్లకు ఇలాంటి మర్యాద జరిగిందన్న బాధ నాకు ఇంకా తగ్గలేదు. అతను తగ్గించే ధర నాకు అక్కరలేదు. పడవ కోసం మీరు కట్టిన మనిషికి నాలుగు వేల అయిదు వందల చొప్పున నా డబ్బులోంచి అందరికీ తిరిగి పంపాను. ఇంకా అందనివారు ఎవరైనా ఉంటే చెప్పండి.

వేరే పడవవాణ్ని చూసుకుంటే సరిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. నేనూ మొదట అదే అనుకున్నాను. కానీ వచ్చాక ఆ డాల్ఫిన్ల గురించి దొరికినదల్లా చదివాను, ముందే చదవవలసింది. టమరిన్ దగ్గర పొద్దున్నే ఎక్కువగా కనిపించేవి స్పిన్నర్ డాల్ఫిన్లు, గాలిలోకి ఎగిరి గిర్రున తిరిగే రకం. రాత్రంతా లోతు సముద్రంలో చిన్న చేపలనూ స్క్విడ్‌లనూ వేటాడి, తెల్లవారేసరికి ఒడ్డు దగ్గరి నీళ్లకు విశ్రాంతి కోసం వస్తాయి. మెదడులో ఒక సగం నిద్రపోతుంటే రెండో సగం మెలకువగా ఉండి ఊపిరి చూసుకుంటుంది. గుంపంతా దగ్గర దగ్గరగా, నెమ్మదిగా, కలిసి పైకి తేలుతూ కలిసి మునుగుతూ ఉందంటే అది వాటికి రాత్రి వేళ అన్నమాట. మేము పడవ అడ్డంగా పెట్టింది ఆ వేళలోనే. ఈ కారణంగానే అమెరికా ప్రభుత్వం హవాయిలో 2021 నుంచి స్పిన్నర్ డాల్ఫిన్లతో ఈదడాన్నీ, 50 గజాల లోపుకు వెళ్లడాన్నీ నిషేధించింది. పడవవాడు ఎంత మంచివాడైనా నిద్రపోయేవాటి మధ్యకు మనుషులను దించడం నా చేత కాదు.

ఇక నన్ను మూడు వారాలు నిద్ర పోనివ్వని విషయం. జరిగింది తెలిసి దుబాయి నుంచి ఒక ఏజెంటు ఫోను చేశాడు. అక్కడ కొలనులో నడుము లోతు నీళ్లు, పక్కనే శిక్షకుడు, డాల్ఫిన్ వచ్చి చేతికి ముక్కు ఆనిస్తుంది, ఫొటో కూడా వాళ్లే తీసి ఇస్తారు. అల లేదు, లోతు లేదు, భయపడటానికి ఏమీ లేదు. చెన్నై నుంచి నాలుగు గంటల విమానం. కమిషను కూడా మారిషస్ కంటే ఎక్కువ. మే నెల అడ్వాన్సులన్నీ అటు తిప్పితే ఒక్కరు కూడా వెనక్కి తగ్గరని మా ఆయన లెక్క వేసి చూపించారు. ‘మనం పంపకపోతే వేరేవారు పంపుతారు’ అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. జీతాలు ఇవ్వవలసినవాళ్లు ముగ్గురు ఉన్నారు మా దగ్గర.

ఒప్పుకోబోయాను. మీ దగ్గర దాచడం ఎందుకు, 2019లో ఒక కుటుంబానికి అలాంటి కొలను టికెట్లే అమ్మి కమిషను తీసుకున్నాను కూడా. అప్పుడు ఆలోచించలేదు. ఈసారి మాత్రం ఒక విషయం అడ్డుపడింది. 1998లో చెన్నై దగ్గర ఇలాంటి ప్రదర్శన కోసమే బయటి దేశం నుంచి డాల్ఫిన్లను తెచ్చారు. కొద్ది నెలల్లోనే అవి చనిపోయాయి. మన ఊరి నుంచి మూడు, నాలుగు గంటల దారిలో జరిగిన సంగతి ఇది. తరువాత 2013 మేలో కేంద్రం దేశంలో ఎక్కడా డాల్ఫిన్ ప్రదర్శనశాలకు అనుమతి ఇవ్వవద్దని రాష్ట్రాలకు చెప్పింది. మన దేశంలో వద్దన్నదాన్ని విమానం ఎక్కించి చూపిస్తే మీ పిల్లలకు నేను ఏమని చెప్పాలి? డాల్ఫిన్ ఎప్పుడూ నవ్వుతున్నట్టే కనిపిస్తుంది, అది దాని దవడ ఆకారం. కొలనులో ఉన్నా, జబ్బుపడినా ముఖం అలాగే ఉంటుంది. ఆ ముఖాన్నే నేను పదకొండేళ్లు గోడ మీద పెట్టి వ్యాపారం చేశాను. ఏజెంటుకు వద్దని చెప్పేశాను. మొండిదాన్ని అన్నాడు, అననివ్వండి.

మే ప్రయాణం మాత్రం ఆగదు. పడవ ఎక్కుతాం, దూరంగా నిలుస్తాం, ఇంజను ఆపి చూస్తాం. గుంపు చుట్టూ అప్పటికే పడవలు మూగి ఉంటే ఆ రోజు చూడకుండానే వెనక్కి వస్తాం. ఇది నచ్చనివారు ఇప్పుడే చెప్పండి, అక్కడికి వచ్చాక నన్ను బతిమాలవద్దు. ఈత మారిషస్ పడమటి తీరంలోని ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ అనే ఊరి దగ్గర, పగడపు దిబ్బ లోపలి వైపు నీళ్లలో ఉంటుంది. పెద్ద అలలు దిబ్బ దగ్గరే విరిగిపోతాయి కాబట్టి లోపల చాలా చోట్ల నిలబడగలిగే లోతే. రంగు చేపలు కాళ్ల దగ్గరికే వస్తాయి. నెల్లూరు నుంచే ఒక ఈత టీచరమ్మను వెంట తీసుకెళుతున్నాను, భయం ఉన్నవారు ఇద్దరికి మించి ఒకేసారి ఆమె చేతిలో ఉండరు. ప్రయాణానికి ముందు ఇక్కడి కొలనులో పది క్లాసులు, డబ్బు తీసుకోను. మొదటి రెండు క్లాసుల్లో ఈదడం ఉండదు. నీళ్లలో ముఖం పెట్టి ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం, అంతే. తేలడం అలవాటైనవారికి ఉప్పునీళ్లలో ఇంకా సులువు.

ధర పెంచలేదు. వద్దనుకున్నవారికి మా సర్వీసు ఛార్జీతో సహా అడ్వాన్సు మొత్తం మార్చి 31 లోపు తిరిగి ఇస్తాను, కారణం అడగను.

జాకెట్ల విషయంలో ఇక ఎవరినీ నమ్మను. కాళ్ల మధ్య నుంచి తీసి కట్టే పట్టీ ఉన్నవి పద్నాలుగు కొన్నాను, అందులో ఎనిమిది పిల్లలవి. పెట్టెలో సర్దుకుని వెంట తెస్తాను. ఇప్పుడు ఆఫీసులోనే ఉన్నాయి. పిల్లలను తీసుకొచ్చి తొడిగి చూడండి. భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగితే చెవుల దాకా రాకూడదు, అదే కొలత. ఆదివారం కూడా మధ్యాహ్నం ఒంటిగంట వరకు తెరిచి ఉంటుంది.