పుట్టినరోజంటే ఫ్లెక్సీలేనా?

1866లో మునిసిపాలిటీ, 2004లో కార్పొరేషన్ అయిన నెల్లూరు ఆవిర్భావ వేడుకను ఫ్లెక్సీలతో, శాలువాలతో సరిపెట్టకూడదు. ఊళ్లో ఏ సంబరం జరిగినా బొంగులకు కట్టిన ఫ్లెక్సీలను విప్పే నాథుడుండడు. గాలికి చినిగి సైడుకాలువలో పడతాయి. ఆ పట్టా నానదు, కుళ్లదు. కల్వర్టు మూతి దగ్గర తెరలా అడ్డం నిలిచి, క్యారీబ్యాగులను, కొబ్బరిబొండాలను వెనకేసుకుంటుంది. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లోనే కాబట్టి ఒక్క పూట కుండపోతకే నీళ్లు వీధిలోకి ఎదురుతంతాయి. పూడికతీతలో ఇంకో తప్పుంది: తీసిన మట్టిని గట్టునే కుప్పపోసి వదిలేస్తారు, మొదటి వానకే అది మళ్లీ లోపలికి జారుతుంది (తీసిన లెక్క మాత్రం చెక్కుచెదరదు). అందుకే ఈసారి 54 డివిజన్లలోనూ తలా ఒక వీధికాలువను ఎంచుకుని, కాలనీవాసులను పిలిచి, సెప్టెంబరులోపే శుభ్రం చేయించాలి. ముందు మూతబండలు లేపి గాలి ఆడనివ్వాలి. పని దిగువ కల్వర్టు దగ్గర మొదలుపెట్టి ఎగువకు రావాలి. పైనుంచి మొదలుపెడితే కదిలిన పూడికంతా కిందికి పోయి కల్వర్టులోనే పేరుకుంటుంది. నీరు ఓడ్చేందుకు మట్టిని ఒక రోజు గట్టున ఉంచవచ్చు, మర్నాడు ట్రాక్టరు ఎక్కాల్సిందే. లోతు కాలువల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి మనుషులను దించకూడదు, అవి యంత్రాల పని. జనం చేయగలిగింది ప్లాస్టిక్ వేరుచేయడం, ట్రాక్టర్లు లెక్కపెట్టడం. వీధికి ఎన్ని ట్రాక్టర్ల మట్టి వెళ్లిందో ఆ సాయంత్రమే వార్డు సచివాలయం బోర్డు మీద సుద్దముక్కతో రాయించాలి.

– ఒక పాఠకుడు, నెల్లూరు