చిన్నోడి బడిలో మన వంతు

చిత్తూరు

అమ్మాయీ,

చిన్నోడు చదివే మన కతోలిక బడి పేరెంట్స్ కమిటీలో నీ పేరు రాసుకున్నారని నువ్వు చెప్పినప్పటి నుంచి నీకు నాలుగు మాటలు చెప్పాలని ఉంది. ఫోన్లో అయితే సగం మాటలోనే చిన్నోడు లాక్కుంటాడు. కాగితం అయితే బీరువాలో ఉంటుంది, కావాల్సినప్పుడు తీసి చూసుకుంటావు.

కమిటీలో కొత్తగా చేరిన తల్లులు మొదటి నెలలో అన్నిటికీ సరేనంటారు. చిల్డ్రన్స్ డేకి టిఫిన్లు, ఆటల పోటీలకు బహుమతులు, యాన్యువల్ డేకి డ్రెస్సులు. సంక్రాంతి సెలవులు అయ్యేసరికి సగం మంది కనబడరు. నువ్వు ఒక్క పని తీసుకో. ఏప్రిల్ 23న బడి మూసేదాకా దాన్ని వదలొద్దు. వారానికి గంట చాలు. మంగళవారం రెండున్నరకు ఈమె తప్పకుండా వస్తుందని టీచరుకు నమ్మకం కుదిరితే, ఆ గంటను చూసుకుని పాఠం వేసుకుంటుంది, వెనకబడిన నలుగురు పిలకాయలను నీ దగ్గర కూర్చోబెడుతుంది. వస్తుందో రాదో తెలియని మనిషి కోసం ఏ టీచరూ పని ఆపిపెట్టదు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే ఆ మధ్యాహ్నం గంట ఉండదు. అప్పుడు పొద్దున ఏ వేళ కుదురుతుందో ముందే మాట్లాడిపెట్టుకో.

అయితే దీనికంటే ముందు ఇంటి పని ఉంది. మన పీఠాధిపతులంతా రోములో కూడిన రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న విద్య గురించి చేసిన ప్రకటనలో పిల్లలకు మొదటి గురువులు, ముఖ్యమైన గురువులు తల్లిదండ్రులేనని చెప్పింది. మన కతోలికులందరికీ వర్తించే 1983 శ్రీసభ చట్టం 796వ నిబంధన ఇంకా వివరంగా చెబుతుంది: తల్లిదండ్రులు టీచర్లతో కలిసి పనిచేయాలి, టీచర్లు వాళ్ల మాట మనస్ఫూర్తిగా వినాలి, తల్లిదండ్రుల సంఘాలు పెట్టి వాటిని గౌరవించాలి. కమిటీకి పిలిచినందుకు మొహమాటపడాల్సిన పని లేదమ్మా. నీకు అక్కడ చోటుంది.

ఇంట్లో రాత్రి అన్నానికి ముందు ఇరవై నిమిషాలు పెట్టుకో. ఐదు నిమిషాలు డైరీకి. సంతకం పెట్టే ముందు టీచరు రాసింది చదువు, అడిగిన దానికి ఒక వాక్యమైనా జవాబు రాయి. మిగతా పదిహేను నిమిషాలు చదివించు. ఒకటో తరగతి పిల్లలు పాఠాన్ని చూసి చదవరు, విన్నది గుర్తుపెట్టుకుని అప్పజెబుతారు. వేలు ఒక లైను మీద ఉంటుంది, నోరు ఇంకో లైనులో ఉంటుంది. అది కనిపెట్టాలంటే పైనుంచి చదివించొద్దు. కింది లైను మధ్యలో ఉన్న మాట మీద వేలు పెట్టి "ఇదేంది నాయనా?" అని అడుగు. ఆ మాట చెప్పడానికి మళ్లీ మొదటి లైను నుంచి మొదలుపెడితే వాడికి అక్షరం ఇంకా పట్టుబడలేదని అర్థం. అప్పుడు ఆ పాఠం పక్కన పెట్టేసి, అవే అక్షరాలతో కొత్త మాటలు పలక మీద రాసి చదివించు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగులో గుణింతం దగ్గరా, ఒత్తుల దగ్గరా పని ఆగిపోతుంది. "అమ్మ", "అక్క" లాంటి సొంత ఒత్తు మాటలు ముందు, "పుస్తకం", "చంద్రుడు" లాంటివి తరవాత. కలిపేస్తే రెండూ చెడతాయి. దేశమంతటా పెట్టుకున్న నిపుణ్ భారత్ లక్ష్యంలో రెండో తరగతికి నిమిషానికి 45 నుంచి 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. ఇప్పుడే వాచీ పెట్టి వాణ్ణి తొందరపెట్టొద్దు. వచ్చే ఏడాదికి ఎక్కడికి చేరాలో నీకు తెలిస్తే చాలు.

పేరెంట్స్ మీటింగు సంగతి. తరగతిలో 35 మంది ఉంటే, తొమ్మిది నుంచి పన్నెండు దాకా మీటింగైతే ఒక్కొక్కరికి ఐదు నిమిషాలు వస్తాయి. ర్యాంకు అడిగి వాటిని పోగొట్టుకోవద్దు, అది ప్రోగ్రెస్ కార్డులో ఉంది. "చదివేటప్పుడు ఎక్కడ ఆగిపోతున్నాడు?" అని అడుగు. "ఇంటర్వెల్లో ఎవరితో ఆడుతున్నాడు?" అని అడుగు. టీచరుకు తెలియని ఇంటి విషయం ఒకటి నువ్వే చెప్పు: వాళ్ల జేజి ఊరికి వెళ్లిపోయింది, రాత్రుళ్లు సరిగా నిద్రపోవడం లేదు, అలాంటిది. ఆ ఒక్క మాటతో టీచరు వాడి అల్లరిని వేరే విధంగా చూస్తుంది. ఈసారి అల్లుణ్ణి పంపు. నాన్నలు ఫీజు కౌంటరు దగ్గర తప్ప కనబడకపోతే పిల్లలకు అది తెలిసిపోతుంది.

మీ బడిలో మన కతోలికులు కొద్దిమందే, ఎక్కువమంది హిందువుల పిల్లలు, తరవాత ముస్లింల పిల్లలు. కమిటీలో ఉండి ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో, లేదా ప్రభుత్వ నిధులు తీసుకునే బడిలో, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లవాణ్ణి మత బోధనలోగానీ ప్రార్థనలోగానీ కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతుంది. బడి పెట్టి నడుపుకునే హక్కు మనకు 30వ అధికరణం ఇచ్చింది. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య కూడా 2024లో మన బడులకు ఇదే చెప్పింది: ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దు, అసెంబ్లీలో రాజ్యాంగ ప్రవేశిక చదివించండి అని. అందుకే మన పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మన మత పాఠం, జరిగే పీరియడులో మిగతావాళ్లకు నీతిబోధ పెడతారు. ఎవరైనా తల్లి వచ్చి "మావాడు ఆ ప్రార్థన చెప్పాల్సిందేనా?" అని అడిగితే నొచ్చుకోవద్దు. అది ఆమె హక్కు. నేరుగా హెడ్మిస్ట్రెస్ సిస్టర్ దగ్గరికి తీసుకెళ్లు.

తిండి విషయం కూడా అంతే. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు-అక్టోబరులో, మన వైపు ఎన్నో ఇళ్లలో నీచు ముట్టరు, మిగతా నెలల్లోనూ శనివారం తినని ఇళ్లు చాలా ఉన్నాయి. అందరూ పంచుకునేది ఏదైనా గుడ్డు లేకుండా పెట్టు. కేకు అయినా సరే. డబ్బాల మీద పేరు రాయించు. వేరుశనగ పడని పిల్లలు ఎవరైనా ఉన్నారా అని జూన్‌లోనే అడిగి రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే మన చట్నీల్లో, పొడుల్లో అది లేని చోటు లేదు. ఈ ఏడు ఎవరూ అడగలేదంటే ఇప్పుడైనా అడుగు.

ఇక క్రిస్మస్ పాక, అదే బాలయేసు పుట్టిన పశువుల పాకను బొమ్మలతో కట్టడం. ఈ పని నువ్వే తీసుకో అంటాను, అన్ని మతాల ఇళ్లూ చేతులు కలపగలిగే పని ఇదొకటి. సెలవులు ఇచ్చేలోపల, అంటే డిసెంబరు 20 ప్రాంతానికి అది తయారుగా ఉండాలి. కాబట్టి పచ్చిక కోసం రాగులు 8వ తేదీకల్లా నానబెట్టాలి. అడుగు వెడల్పు, అడుగున్నర పొడవు ట్రేకు వంద గ్రాములు సరిపోతాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్లు వంచేసి, తడిబట్టలో ఒక పగలూ ఒక రాత్రీ మూటగట్టు. తెల్ల మొలక సూదిమొనంత కనబడగానే, అడుగున చిల్లులున్న ట్రేలో అంగుళం మందం కొబ్బరిపొట్టు పరిచి పైన చల్లు. తడి పేపరు రెండు రోజులు కప్పి ఉంచి, తరవాత తీసి వెలుతురులో పెట్టు. పది పన్నెండు రోజులకు రెండు మూడు అంగుళాలు లేస్తుంది.

చెడిపోయేది మూడు చోట్ల. చెంబుతో నీళ్లు పోస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించాలి. చిల్లులు లేని ట్రే అయితే మూడోనాడే కుళ్లు వాసన వస్తుంది. పేపరు ఎక్కువ రోజులు ఉంచితే మొలక పాలిపోయి పడిపోతుంది. చలి ఎక్కువగా ఉంటే ఒకటి రెండు రోజులు ఆలస్యమవుతుంది, అందుకే నాలుగు ట్రేలు కావాలంటే ఐదు వెయ్యి. ఇంకో మాట: పెళ్లిళ్లలో పాలికలు పోసే, అంటే మూకుళ్లలో నవధాన్యాలు మొలకెత్తించే, హిందువుల ఇళ్లలో పెద్దవాళ్లకు ఈ పని మనకంటే బాగా తెలుసు. తిరుమలలో బ్రహ్మోత్సవాలకు ముందురోజు సాయంత్రం అంకురార్పణ అని విత్తనాలు చల్లుతారు కదా, మొలకెత్తించడం తిరుపతిలో కొత్త సంగతి కాదు. వాళ్ల అవ్వలను ఒకరిద్దరిని బడికి పిలిపించు. పిల్లలకు వాళ్లే చూపిస్తారు.

పాక వెదురుది అయితే కోసిన కొనలు పిల్లల కంటి ఎత్తులోనే వస్తాయి, గుడ్డ చుట్టి కట్టాలి. వరిగడ్డి మీద కొవ్వొత్తి వద్దు. ఎల్‌ఈడీ సీరియల్ బల్బులే వాడండి, వైరు గడ్డికి తగలకుండా వెదురు మీదుగా లాగండి, బడి వదిలే ముందు ప్లగ్గు తీసేయండి. పక్కన ఒక బకెట్ ఇసుక ఉండాలి. బొమ్మలను పాత నూలుబట్టలో విడివిడిగా చుట్టి పెట్టెలో ఉంచి, మూత లోపలివైపు లెక్క రాయి: మరియమ్మ, యోసేపు, బాలయేసు, కాపరులు, ముగ్గురు జ్ఞానులు, ఎద్దు, గాడిద, గొర్రెలు. ఆ లెక్క లేకనే ఏటా ఒక గొర్రె పోతుంది. బాలయేసును పండగ రాత్రిదాకా పెట్టరు కాబట్టి తొట్టి ఖాళీగా ఉంటుంది. చేసిన ఒక్కో మంచి పనికి పిల్లవాడు ఒక్కో గడ్డిపోచ అందులో వేసే అలవాటు చాలా బడుల్లో ఉంది. ఎవరు ఎన్ని వేశారో మాత్రం లెక్కపెట్టించొద్దు. లెక్కపెడితే గడ్డి దొంగతనాలు మొదలవుతాయి.

డబ్బు నీ ఫోన్‌పేలో వేయించుకోవద్దు. వంద రూపాయలైనా ఆఫీసులో కట్టించి రసీదు ఇప్పించు. మంచి మనసుతో చేసిన పని కూడా ఇక్కడే మాటపడుతుంది. ఇవ్వలేని ఇళ్ల పేర్లు నీ దగ్గరే ఉండాలి, గ్రూపులో రాకూడదు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకు కూడా వస్తుంది, 2025లో తల్లి ఖాతాలో 13,000 వేశారు. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేక అర్హత ఉండీ ఆగిపోయినవాళ్లకు జూన్‌లో ఒక పూట పక్కన కూర్చుని కాగితాలు చూసిపెట్టు. విరాళాల కంటే అది పెద్ద సాయం.

ఫిర్యాదు ఉంటే గేటు దగ్గర అడగొద్దు. అప్పుడు టీచరు చుట్టూ నలభై మంది పిల్లలు, ఆటోలు. "రేపు సాయంత్రం ఐదు నిమిషాలు కావాలి" అని డైరీలో రాయి. తీరకపోతే హెడ్మిస్ట్రెస్, ఆ తరవాత కరెస్పాండెంట్. బడి మేత్రాసనానిదా (పీఠాధిపతుల కింద ఉండేదా), సిస్టర్ల మఠం సంస్థదా కనుక్కో. మఠానిదైతే పైమాట వాళ్ల పెద్ద సిస్టర్, ప్రొవిన్షియల్‌దే. మేత్రాసనానిదైతే కడప పీఠాధిపతుల ఆఫీసు. వాట్సాప్ గ్రూపులో పెట్టావంటే మాత్రం అడిగింది ఒకటి, జవాబులు యాభై. టీచరు నీ మాట వినేముందే బిగుసుకుపోతుంది.

పిల్లల మీద చెయ్యి పడిన విషయం, అసభ్యమైన విషయం ఏదైనా చెవిన పడితే ఈ వరసలన్నీ పక్కన పెట్టు. బడి పరువు, శ్రీసభ పరువు అని ఎవరు చెప్పినా ఆగొద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. పిల్లల హెల్ప్‌లైన్ 1098. నువ్వు కూడా వేరేవాళ్ల బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండొద్దు. బాత్రూముకు ఆయాతోనే పంపు. వాళ్ల ఫోటోలు స్టేటస్‌లో పెట్టొద్దు.

మొదటి సత్ప్రసాదానికి ఇంకా రెండు మూడేళ్లు ఉంది. బడిలో జ్ఞానోపదేశం ఉంది కదా అని ఆదివారం తరగతి మానిపించకు. ఆ సిద్ధపాటు ముందు తల్లిదండ్రుల బాధ్యత, తరవాత మన గుడి విచారణ గురువులది. పరలోక జపం, మంగళవార్త జపం పడుకునేముందు వాడితో కలిసి మీరిద్దరూ చెప్పండి.

ఆదివారం అల్లుడు ఇటువైపు వస్తాడన్నావు. అరకిలో రాగులు, ఒక సంచి కొబ్బరిపొట్టు తయారుగా పెడతాను. చిల్లుల ట్రేలు మాత్రం తిరుపతిలోనే చూసుకో.

మీ అమ్మ