సెల్లు చూసేవాళ్లందరిదీ ఒకటే జబ్బా?

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈమధ్య ఏ పేపర్ తీసినా, ఏ టీవీ పెట్టినా ఒకటే మాట, జనం రోజుకి ఇన్నేసి గంటలు సెల్‌ఫోన్‌లోనే ఉంటున్నారు, ఇదో వ్యసనమైపోయింది అని. ఎన్ని గంటలో చెబుతారు గానీ ఆ గంటల్లో వాళ్లు ఏం చేస్తున్నారని ఎవరూ అడగరు. నా అభ్యంతరమల్లా అక్కడే.

నేను తెనాలిలో ఇంటి దగ్గరే బ్లౌజులకి మగ్గం వర్క్ చేస్తాను. సగం పని నేర్చుకున్నది యూట్యూబ్‌లోనే. గుడ్డ బిగించి, సెల్లు ఎదురుగా గోడకి ఆనించి పెట్టుకుంటాను. ఆరీ సూది కింద నుంచి దారాన్ని ఎలా పైకి లాగుతోందో, జర్దోసీ ఎంత ముక్కకి కత్తిరిస్తున్నారో ఒక్కసారి చూస్తే పట్టుబడదు, ఆపి, వెనక్కి జరిపి, కుట్టి, బాగా రాకపోతే విప్పి మళ్లీ చూడాలి. ఆర్డర్లొచ్చేది వాట్సాప్‌లో, డబ్బులు పడేది ఫోన్‌పేలో. పెళ్లిళ్ల సీజన్‌లో పొద్దున మొదలుపెడితే రాత్రి పడుకునేదాకా ఫోన్ వెలుగుతూనే ఉంటుంది. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో గుమ్మం దిగలేరు, ఆవిడకి మధ్యాహ్నమంతా చాగంటి గారి ప్రవచనాలు, సాయంత్రం దుబాయ్‌లో ఉన్న మనవడితో వీడియో కాల్. గంటలు మాత్రమే లెక్కేసేవాళ్లు మా ఇద్దరినీ వ్యసనపరుల్లోనే జమకడతారు.

మా వీధిలో ఒకబ్బాయి ఉన్నాడు. ఫోన్ పట్టుకునేది రోజుకి గంటో గంటన్నరో, బుద్ధిమంతుడని అందరం అనుకునేవాళ్లం. ఆ గంటలోనే రమ్మీ యాప్‌లో జీతమంతా పోగొట్టుకున్నాడు, దాన్ని పూడ్చడానికి లోన్ యాప్‌లో అప్పు చేశాడు, ఆ యాప్ వాళ్లు అతని ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ మెసేజ్‌లు పెట్టేదాకా ఇంట్లోవాళ్లకి సంగతే తెలియదు. వాళ్లమ్మ గొలుసు ఇప్పటికీ తాకట్టులోనే ఉంది. తెలంగాణలో 2017లో, మన దగ్గర 2020లో డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, అయినా ఆడేవాళ్లు ఏదో ఒక దారిన ఆడుతూనే వచ్చారు, చివరికి 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేయాల్సి వచ్చింది. ఆ చట్టం ఎన్ని గంటలు ఆడారని అడగదు, అది డబ్బు పెట్టించి ఆడించే ఆటా కాదా అని చూస్తుంది. పట్టుకోవాల్సిన చోటే పట్టుకున్నారు, కాకపోతే చాలా ఆలస్యంగా.

డాక్టర్లు చూసేది కూడా గంటలు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో గేమింగ్ డిజార్డర్‌ని చేర్చింది, 2022 జనవరి నుంచి అది అమల్లో ఉంది. ఆపుదామనుకున్నా ఆపలేకపోవడం, మిగతా పనులన్నీ వెనక్కిపోయి ఆటే ముందుకి రావడం, చెడిపోతున్నామని తెలిసి కూడా మానలేకపోవడం, దానివల్ల చదువో ఉద్యోగమో ఇల్లో దెబ్బతినడం, మామూలుగా ఇదంతా ఏడాది పాటు సాగడం, ఇవీ వాళ్లు చూసే గుర్తులు. నెట్ ఎక్కువగా చూడటం అనే జబ్బు విడిగా ఆ జాబితాలో లేనే లేదు.

పసిపిల్లల సంగతి వేరు, అక్కడ గంటలు లెక్కపెట్టాల్సిందే. ఏడాది పిల్లలకి అసలు తెర చూపించొద్దని, రెండు నుంచి నాలుగేళ్లవాళ్లకి గంటకి మించొద్దని ఆ సంస్థే 2019లో చెప్పింది. అన్నం తినిపించడానికి చేతిలో సెల్లు పెట్టే తల్లులకి ఇది గట్టిగానే చెప్పాలి.

పెద్దపిల్లల విషయంలో మాత్రం తిట్లన్నీ వాళ్లకేనా? రీల్స్‌కి అంతు అనేది లేకుండా చేసిందెవరు? ఒకటి అయ్యీ అవ్వకముందే, వేలు జరిపితే చాలు, రెండోది వచ్చేస్తుంది, చాల్లే అనుకోవడానికి సందే ఉండదు. అలా తయారుచేసిన కంపెనీలని వదిలేసి, రాత్రి ఒంటిగంటకి కళ్లు మంటలెత్తి కూడా ఫోన్ కింద పెట్టలేని ఇంటర్ పిల్లని బలహీనురాలంటే నాకు బాధగా ఉంటుంది. మా అమ్మాయికి నేను పెట్టిన రూల్ ఒక్కటే, నిద్ర పాడవకూడదు, పదిన్నరకి ఫోన్ హాల్లో చార్జింగ్‌లో ఉండాలి. పగలు ఎంతసేపు చూసినా నేను గోల చెయ్యను, పాఠాలూ అందులోనే, స్నేహితులూ అందులోనే.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. ఈ విషయం మీద ఈసారి వార్త వేసినప్పుడు గంటల లెక్కతో పాటు డాక్టర్లు చూసే ఆ గుర్తులు కూడా తెలుగులో వివరంగా వేయండి. మనసుకి సంబంధించిన ఇబ్బందులకి ఫోన్‌లోనే సాయం చేసేందుకు కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416 కూడా వేయండి. డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మా వీధి అబ్బాయి వాళ్లమ్మకి అలాంటిది ఒకటుందనే తెలియదు, నేను చెప్పాకే ఫోన్ చేసింది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి