ఏ రేడియేషనో చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

సెల్ టవర్ గురించి రాసినా, ఎక్స్‌రే పరీక్ష గురించి రాసినా వార్తల్లో ‘రేడియేషన్’ అన్న ఒక్క మాటతోనే సరిపెడుతున్నారు. కొన్నిసార్లు టవర్లకు ‘రేడియోధార్మికత’ను సైతం అంటగడుతున్నారు. అది అస్థిరమైన పరమాణు కేంద్రకాలకు ఉండే గుణం. టవర్‌కు దానితో సంబంధం లేదు. నిజానికి ఈ అక్షరాలను మీకు చూపిస్తున్న వెలుగు కూడా రేడియేషనే.

వెలుగు పుట్టే తీరు ఒక్కటే కాదు. పాతకాలపు బల్బులో టంగ్‌స్టన్ తీగ సుమారు 2,500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కి వెలుగుతుంది. అయితే అది వెదజల్లే శక్తిలో అధికభాగం కంటికి కనిపించని పరారుణ కిరణాలే. స్టవ్ మంటపై చిటికెడు ఉప్పు చల్లితే మంట ఒక్కసారిగా పసుపురంగుకు తిరుగుతుంది. వేడికి పై శక్తిస్థాయికి ఎక్కిన సోడియం ఎలక్ట్రాన్లు కిందికి దిగుతూ, ఆ తేడాను సుమారు 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కాంతిగా వదిలిపెట్టడమే అందుకు కారణం. ఎల్‌ఈడీలోనూ ఎలక్ట్రాన్లు కిందికి దిగడం వల్లే వెలుగు వస్తుంది, కాకపోతే అక్కడ వేడితో పనిలేదు. టీవీ రిమోట్ కొసన ఉన్నదీ ఎల్‌ఈడీయే. మీట నొక్కితే మన కంటికి ఏమీ కనిపించదు గానీ, సెల్‌ఫోన్ కెమెరాలోంచి చూస్తే చాలా ఫోన్లలో అక్కడ ఒక చుక్క మిణుకుమిణుకుమనడం కనిపిస్తుంది. మన చూపు దాదాపు 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యనే ఆగిపోతుంది మరి!

రేడియో తరంగాల నుంచి గామా కిరణాల దాకా అన్నీ వెలుగు కుటుంబానివే, అంటే విద్యుదయస్కాంత తరంగాలే; శూన్యంలో అన్నింటి వేగమూ ఒక్కటే. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ ఒక్కో ఫోటాన్ (ఈ తరంగాల శక్తి పొట్లం) మోసే శక్తి పెరుగుతుంది, హాని విషయంలో ముందుగా చూడవలసింది దీన్నే. మైక్రోవేవ్ ఓవెన్‌లోని సుమారు 12 సెంటీమీటర్ల తరంగాలు తీవ్రత పెంచితే మరింత వేడి చేస్తాయే తప్ప, పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టలేవు. ఎక్స్ కిరణాలు, గామా కిరణాలు ఆ పని చేయగలవు. అతినీలలోహిత కిరణాల దగ్గర మాత్రం ఈ హద్దు అంత స్పష్టంగా ఉండదు. ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టేంత శక్తి లేనివి కూడా చర్మకణాల డీఎన్‌ఏను దెబ్బతీయగలవు.

కాబట్టి ‘రేడియేషన్’ అని రాసిన ప్రతిచోటా అది ఏ రకమో, ఎంత మోతాదులో ఉందో కూడా రాయవలసిందిగా మనవి. అణు ప్రమాదాల వార్తల్లోనైతే ఆల్ఫా, బీటా కణాల ప్రస్తావనను విడిగా ఉంచాలి, ఎందుకంటే అవి అసలు విద్యుదయస్కాంత తరంగాలే కావు.

– ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు