సోలార్ బ్యాటరీ సెట్టింగులు తెలుగులో రాసివ్వాలి

సంపాదకుడి గారికి,

అయ్యా,

నేను పనిచేసేది చింతపల్లి మండలంలో, కొండ మీది ఓ చిన్న గూడెం బడిలో. కరెంటు స్తంభాలు కింద రోడ్డు దగ్గరే ఆగిపోయాయి. బడికీ పక్కనున్న అంగన్‌వాడీకీ లైట్లు, ఫ్యాన్లు అన్నీ సోలార్ మీదే. మొదట పెట్టిన, నీళ్లు పోయనక్కర్లేని జెల్ బ్యాటరీలు పాతబడితే రెండేళ్ల కిందట నీళ్లు పోసే ట్యూబులర్ బ్యాటరీలు తెచ్చి బిగించారు. ఈ వానాకాలానికి అవీ చతికిలపడ్డాయి. సాయంత్రం ఏడింటికి లైటు వేస్తే ఎనిమిది కాకముందే ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయేది.

బ్యాటరీలు నాసిరకం అని ఊరంతా తిట్టుకున్నాం. నర్సీపట్నం నుంచి పిలిపించిన ఎలక్ట్రీషియన్ మూత విప్పి, యాసిడ్ సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో యాసిడ్ పీల్చి నా కళ్ల ముందు పెట్టాడు. ఫుల్‌గా చార్జయితే 1.240కి తగ్గకూడని రీడింగు 1.150 దగ్గర, ఎర్ర రంగులో తేలుతోంది. తర్వాత, ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి ఎంత చార్జి వెళ్లాలో చూసే కంట్రోలర్ బటన్లు నొక్కుతూ పోతే అసలు సంగతి బయటపడింది. బ్యాటరీ రకం ఇంకా జెల్ అనే ఉంది. చార్జి చేసే వోల్టేజి 14.1, అదీ నిలిపేది అరగంటే. బ్యాటరీలు మార్చినవాళ్లు సెట్టింగ్ ముట్టుకోలేదు. పచ్చలైటు పదకొండింటికే వెలుగుతుంటే బ్యాటరీ నిండిందని మేం సంబరపడ్డాం.

బస్తాలో వడ్లు పోస్తే ఒకసారి మూతిదాకా వచ్చినట్టే కనిపిస్తాయి. కుదిపితే ఇంకో నాలుగు కుంచాలు పడతాయి. ట్యూబులర్ లాంటి సీసం బ్యాటరీ కూడా అంతే. వోల్టేజి పైకి చేరాక దాన్ని అక్కడే రెండు మూడు గంటలు నిలిపితేనే మిగతా చార్జి లోపలికి ఎక్కుతుంది. నీళ్లు పోసే ట్యూబులర్ రకానికి మామూలుగా 12 వోల్టుల ఒక్కో బ్యాటరీకి 14.4 నుంచి 14.8 దాకా పెడతారు. నిండాక 13.5 ప్రాంతానికి దించుతారు. కచ్చితమైన అంకెలు బ్యాటరీతో వచ్చిన కాగితంలో ఉంటాయి. రోజూ అరకొరగా నింపితే పలకల మీద తెల్లటి సల్ఫేటు గట్టిపడిపోతుంది, అది మళ్లీ కరగడం కష్టం. మరీ ఎక్కువ పెడితే నీళ్లు ఇగిరిపోయి పలకలు బయటపడతాయి.

వాతావరణాన్ని కూడా చూడాలి. ఈ అంకెలన్నీ 25 డిగ్రీలకు చెప్పినవి. ఒక్కో డిగ్రీ చలికి 12 వోల్టుల బ్యాటరీకి దాదాపు 0.018 వోల్టు పెంచాలి, వేడికి అంతే తగ్గించాలి. మా పక్కనే ఉన్న లంబసింగిలో చలికాలం పొద్దున కావలసిన వోల్టేజి, మే నెలలో రెంటచింతలలో కావలసిన వోల్టేజి ఒకటి కావు. బ్యాటరీకి అంటించాల్సిన చిన్న సెన్సర్ వైరు మా కంట్రోలర్‌తో వచ్చింది. కవరు కూడా విప్పకుండా పెట్టెలోనే వదిలేశారు.

ఇప్పుడు లిథియం బ్యాటరీలు వస్తున్నాయి. వాటి లెక్క పూర్తిగా వేరు. సీసం బ్యాటరీలో అరలన్నీ సమంగా నిండాలని అప్పుడప్పుడు ఇచ్చే 15 వోల్టులు దాటే ఈక్వలైజ్ చార్జి వీటికి అస్సలు ఇవ్వకూడదు. పాత సెట్టింగుల మీదే బిగించిపోతే ఇదే కథ ఇంకా ఖరీదుగా మళ్లీ జరుగుతుంది. అదే నా టెన్షన్.

2017లో మొదలైన సౌభాగ్య పథకం కింద, లైను వేయలేని మారుమూల ఇళ్లకు బ్యాటరీతో సహా సోలార్ ఇచ్చి, అయిదేళ్లు మరమ్మతు చూడాలన్నారు. ఆ గడువు దాటాక బ్యాటరీ మార్చేది ఎవరు, సెట్టింగ్ చూసేది ఎవరు? చచ్చిన బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం తయారీదారులదే. మా దగ్గర మాత్రం పాత సామాన్లవాళ్లు యాసిడ్ వాగు గట్టున ఒంపేసి సీసం పట్టుకెళ్లారు. పిల్లలు ఈత కొట్టే వాగు అది.

కాబట్టి అధికారులను అడిగేది ఇది. బ్యాటరీ బిగించిన రోజే దాని రకం, వోల్టేజి అంకెలు, నీళ్లు పోయాల్సిన గీత తెలుగులో రాసి గోడకు అంటించాలి. అది లేనిదే బిల్లు పాస్ చేయకూడదు. తనిఖీకి వచ్చినవాళ్లు ప్యానెళ్లు లెక్కపెట్టి వెళ్లకుండా మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి మీటరు పెట్టి చూడాలి. మా గూడెంలో పది పాసైన ఇద్దరు పిల్లలు హైడ్రోమీటర్ చూడటం ఒక్క పూటలో నేర్చుకున్నారు. ప్రతి గూడెంలో అలాంటి ఒకరికి మీటరు, హైడ్రోమీటర్ కొనిచ్చి, వచ్చే వానాకాలంలోగా నేర్పించాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక ఉపాధ్యాయుడు,
చింతపల్లి మండలం, అల్లూరి సీతారామరాజు జిల్లా