ఐదు నిమిషాల సభకు గడియారమే అధ్యక్షుడు

సంపాదకుల వారికి,

తనకు బాగా తెలిసిన ఒక్క సంగతిని ఐదు నిమిషాల్లో చెప్పి దిగిపోవడం, వెంటనే ఇంకొకరు ఎక్కడం, ఇలా గంటన్నరలో పన్నెండు మంది మాట్లాడే సాయంత్రాలు తమ ఊళ్లోనూ పెట్టాలని అమలాపురం నుంచి భీమవరం దాకా చాలామంది ఉత్సాహపడుతున్నారు. సంతోషం. కానీ మొదటి సభ చక్కగా జరిగి, రెండోదానికి వేదిక మీదికి కుర్చీలు, మూడోదానికి శాలువాలు వచ్చి, చివరికి మామూలు సన్మాన సభగా మారిపోవడమూ కనిపిస్తోంది. ఇలాంటి సభల ఏర్పాట్లు చూసేవాళ్లుగా, ఈ పద్ధతిలో దేన్ని సడలించినా ఫరవాలేదో, దేన్ని మాత్రం సడలించకూడదో మీ పాఠకులకు చెప్పదలిచాం.

ఈ పద్ధతికి ప్రసిద్ధమైన రూపాలు రెండు. 2003లో టోక్యోలో ఆస్ట్రిడ్ క్లైన్, మార్క్ డైథమ్ అనే ఆర్కిటెక్టులు మొదలుపెట్టిన ‘పెచకుచ’లో 20 స్లైడ్లు, ఒక్కోటి 20 సెకన్లు, మొత్తం 6 నిమిషాల 40 సెకన్లు. 2006లో అమెరికాలోని సియాటిల్‌లో బ్రాడీ ఫారెస్ట్, బ్రే పెట్టిస్ మొదలుపెట్టిన ‘ఇగ్నైట్’లోనూ 20 స్లైడ్లే గానీ 15 సెకన్ల చొప్పున, సరిగ్గా 5 నిమిషాలు. రెండింటికీ ప్రాణం ఒకటే. స్లైడు మార్చే మీట వక్త చేతిలో ఉండదు, తెర దానంతటదే మారిపోతుంది. మనవాళ్లు చాలామంది ఆ ఒక్కటీ వదిలేసి, ‘ఐదు నిమిషాల్లో ముగించగలరు’ అని చీటీ పంపుతారు. చీటీని మడిచి జేబులో పెట్టుకోవచ్చు. గంట కొడితే ‘ఒక్క మాట చెప్పి ముగిస్తాను’ అనవచ్చు. చూపించడానికి బొమ్మే లేని నల్లటి తెర ముందు మాత్రం ఎంత అనుభవమున్న వక్త అయినా తనే ఆపేస్తాడు. ఎవరూ ఎవరి పరువూ తియ్యనక్కర్లేదు.

నియమం బిగిస్తే సభ రక్తి కడుతుందని ఈ నేలకు ఒకరు చెప్పాలా? కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, యండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతిశాస్త్రి జంటగా ఊరూరా, అడిగిన నియమానికి లోబడి ఆశువుగా పద్యాలు చెప్పే అవధానాలు చేసిన ప్రాంతం ఇది. కాబట్టి ‘మన జనానికి ఇవి పట్టవు’ అనే మాటను మేం ఒప్పుకోం.

ముందు యంత్రం సంగతి, ఐదు నిమిషాల ‘ఇగ్నైట్’ లెక్కతో. పవర్‌పాయింట్‌లో ‘ట్రాన్సిషన్స్’ కింద ‘ఆఫ్టర్’ దగ్గర 15 సెకన్లు పెట్టి, ‘ఆన్ మౌస్ క్లిక్’ దగ్గరి టిక్కు తీసేసి, ‘అప్లై టు ఆల్’ నొక్కాలి. ఇందులో ఒక మెలిక ఉంది. స్లైడు మెల్లగా కరిగి మారే ఎఫెక్టు పెడితే ఆ సమయం 15 సెకన్లకు అదనంగా కలుస్తుంది. సెకను చొప్పున ఇరవై స్లైడ్లకు 20 సెకన్లు, పన్నెండు మందికి 4 నిమిషాలు. అక్షరాలు ఎగిరొచ్చే యానిమేషన్లు, వీడియోలు ఉంటే అవి పూర్తయ్యేదాకా స్లైడు కదలకుండా నిలబడిపోతుంది. ఎఫెక్టులు, యానిమేషన్లు, వీడియోలు మూడూ వద్దని ముందే చెప్పేయండి.

పన్నెండు మంది పన్నెండు పెన్‌డ్రైవులతో వస్తే మధ్యలో వాటిని మార్చడానికే అరగంట పోతుంది. స్లైడ్లన్నీ మూడు రోజుల ముందే తెప్పించుకుని ఒకే ఫైలుగా కలపాలి. ఒక్కో వక్త 20 స్లైడ్ల తర్వాత ఒక నల్ల స్లైడు, ఆ తర్వాత వచ్చే వక్త పేరున్న స్లైడు పెట్టాలి. ఈ రెండింటికి మాత్రమే క్లిక్కు ఉంచి టైము తీసేయాలి. అప్పుడు వక్త మైకు దగ్గరికొచ్చి తల ఊపాకే నిర్వాహకుడు నొక్కుతాడు, ఐదు నిమిషాలూ అక్కడి నుంచి మొదలవుతాయి.

తెలుగు అక్షరాల విషయంలో దెబ్బతినేవాళ్లు ఎక్కువ. డీటీపీ సెంటర్లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో చేయించిన స్లైడు, ఆ ఫాంటు లేని ల్యాప్‌టాప్‌లో తెరిస్తే తెలుగు పోయి పిచ్చి గుర్తులు వస్తాయి. ఫాంట్లు ఎక్కించే ప్రయత్నం కన్నా, వక్త కంప్యూటర్లోనే ప్రతి స్లైడునూ జేపెగ్ బొమ్మగా సేవ్ చేయించి పంపమనడం మేలు. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే బొమ్మ నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంటుగా పంపమనాలి. అక్షరం సైజు 32 పాయింట్లకు తగ్గితే వెనక వరుసకు ఆనదు. తెలుగులో ఒత్తులు, వట్రసుడులు కింద చేరతాయి కాబట్టి వరుసల మధ్య ఎడం ఇంగ్లిషుకన్నా ఎక్కువ ఉండాలి.

ఇక మాట. అర్థమయ్యేలా తెలుగులో చెబితే 15 సెకన్లకు పాతిక మాటలు పడతాయి. అంటే మొత్తం ప్రసంగం 500 మాటలు. ‘సభాధ్యక్షుల వారికి, వేదికనలంకరించిన పెద్దలకు, విచ్చేసిన ఆహూతులందరికీ నమస్సుమాంజలులు’ అనేసరికి మొదటి స్లైడు వెళ్లిపోతుంది. చివర ‘ధన్యవాదములు’ స్లైడు పెడితే ఇంకో 15 సెకన్లు దండగ. సొంత యాసలో, ‘ఆయ్’ అంటూ ‘అండీ’ అంటూ తిన్నగా విషయంలోకి దిగేవాళ్లు నెగ్గుతారు. గ్రాంథికంలోకి మారాలని తంటాలు పడేవాళ్లే తడబడతారు.

విషయం ఎంపికలో మొహమాటం పనికిరాదు. ‘వెనామీ రొయ్యల సాగు’ అని వస్తే తిప్పి పంపండి. ‘తెల్లవారుజామున రొయ్య ఎందుకు తేలుతుంది’ అని వస్తే తీసుకోండి. ఈ రెండోదాన్ని ఎలా పేర్చాలో చూడండి. మొదటి స్లైడు: టార్చి వెలుగులో గట్టు వారగా పైకి తేలిన రొయ్యల ఫొటో, మాటల్లేవు. రెండు నుంచి అయిదు దాకా పగటి సంగతి: నీటిలోని ప్లాంక్టన్ (కంటికి ఆనని సన్నటి నాచు) ఎండకు ఆక్సిజన్ తయారుచేయడం. ఆరు నుంచి పది దాకా రాత్రి సంగతి: పొద్దుగూకాక తయారీ ఆగిపోయినా ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున కుళ్లే మేత అన్నీ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉండటం, అందువల్ల పొద్దు పొడిచే ముందు అది అట్టడుక్కి చేరడం. ఇక్కడ ఒక గీత గ్రాఫు కావాలి, సాయంత్రం నుంచి తెల్లారేదాకా దిగజారే గీత. దాన్ని అర్థం చేసుకోవడానికి 15 సెకన్లు చాలవు. అందుకని అదే బొమ్మను వరుసగా రెండు స్లైడ్లలో పెడితే 30 సెకన్లు దొరుకుతాయి. రొయ్యకు నీటిలో కనీసం ఉండాల్సిన ఆక్సిజన్, లీటరుకు 4 మిల్లీగ్రాములనే అంకె ఆ గ్రాఫు మీదే అడ్డగీతగా ఉండాలి, విడిగా పట్టిక వద్దు. పదకొండు, పన్నెండు: పగలంతా మబ్బు పట్టిన రోజు ఏమవుతుంది. ఆ తర్వాతివన్నీ నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎప్పుడు వేయాలి, మేత ఎప్పుడు తగ్గించాలి, కరెంటు పోతే ఏం చేయాలి. చెరువు లేనివాడికి కూడా ఇది బోధపడుతుంది. రొయ్యల సాగు మొత్తం చెప్పబోతే ఎవరికీ ఏదీ మిగలదు. ఆత్రేయపురం పూతరేకు వేసేవాళ్లను పిలిచినా ఇదే పద్ధతి. పిండిలో తడిపిన గుడ్డ బోర్లించిన వేడి కుండను తాకడం, రేకు అంటుకోవడం, ఊడిరావడం, ఈ క్షణాలే మూడు ఫొటోలు. పూతరేకుల చరిత్ర ఇంకో రోజు చెప్పుకోవచ్చు.

వక్త వెనకబడితే తెర వెంట పరుగెత్తకూడదు. చెబుతున్న వాక్యాన్ని సగంలో వదిలేసి, తెర మీద ఏముందో అక్కడి నుంచి అందుకోవాలి. దీనికోసం ఏడో స్లైడు, పద్నాలుగో స్లైడు పది మాటలతో సరిపోయేలా ఉంచుకుంటే ఊపిరి తీసుకోవచ్చు. సాధన నిలబడి, గొంతెత్తి, స్లైడ్లు కదులుతుండగా చేయాలి. కళ్లతో చదువుకుంటే ఎప్పుడూ టైము మిగిలినట్టే ఉంటుంది. వారం ముందు ఒకసారి, ముందురోజు అదే హాల్లో ఒకసారి సాధన చేయించనిదే ఎవరినీ మైకు ముందుకు పంపొద్దు. ఈ ఒక్క పట్టుదలతో సగం గండాలు గట్టెక్కుతాయి.

మైకు సెట్టు అతనితో సాయంత్రమే మాట్లాడుకోవాలి. భజనలకు, హరికథలకు అలవాటుగా ఎకో పెట్టేస్తారు. వేగంగా చెప్పే మాటకు ఎకో తోడైతే అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి ఏమీ వినపడదు. ఎకో పూర్తిగా తీసేయమనాలి. సౌండు బాక్సులు వక్తకు ముందువైపు, జనం వైపు తిరిగి ఉండాలి, వెనక ఉంటే కీచుమంటాయి. చేతి మైకులు రెండు ఉంచి, ఒకరు మాట్లాడుతుండగా రెండోది తర్వాతి వక్త చేతికిస్తే మారేటప్పుడు ఆలస్యం కాదు.

కరెంటుకు భరోసా లేని రోజుల్లో ప్రొజెక్టరునూ ల్యాప్‌టాప్‌నూ ఇన్వర్టరు మీద పెట్టి, దాని స్విచ్చి యూపీఎస్ మోడ్‌లో ఉంచాలి. మామూలు మోడ్‌లో మారేటప్పుడు వచ్చే చిన్న అంతరానికే ప్రొజెక్టరు ఆరిపోవచ్చు. ల్యాంపు ఉన్న ప్రొజెక్టరు ఒకసారి ఆరితే చల్లారి మళ్లీ వెలగడానికి నిమిషాలు పడుతుంది. తెరగా మెరిసే ఫ్లెక్సీ వాడకండి, బల్బు వెలుగు మధ్యలో చుక్కలా కొడుతుంది. మెరుపులేని తెల్లగోడ చాలు. తెర అడుగు అంచు నేలకు నాలుగడుగుల ఎత్తున లేకపోతే ముందు వరుస తలలే కనిపిస్తాయి.

వేదిక మీద కుర్చీలు అసలు వేయవద్దు. కుర్చీ ఉంటే దానికో మనిషి, మనిషికో దండ, దండకో ప్రసంగం తప్పవు. పెద్దలొస్తే ముందు వరుసలో సాదరంగా కూర్చోబెట్టండి. మాట్లాడతానంటే, వారికీ ఇరవై స్లైడ్లే. హాలుకో కాఫీకో ఖర్చు పెట్టుకున్న దాత పేరు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయండి, మైకు మాత్రం ఇవ్వకండి. సరుకు అమ్మకం, పార్టీ, కులం, మతప్రచారం కూడదని దరఖాస్తులోనే రాయించుకోవాలి. మేత కంపెనీ ప్రతినిధి, కోచింగ్ సెంటరు యజమాని తప్పకుండా వస్తారు. వాళ్లకు తెలిసిన విద్య చెప్పమనండి, సంస్థ పేరు చెప్పవద్దనండి.

లెక్క ఇలా వేసుకోండి. పన్నెండు ప్రసంగాలకు 60 నిమిషాలు, మారడానికీ పరిచయానికీ నిమిషం చొప్పున 12, మధ్యలో విరామం 20. ఆరున్నరకు మొదలైతే ఎనిమిది దాటి కొద్ది నిమిషాలకు అయిపోతుంది. పల్లెలకు చివరి బస్సు అందుకోవాల్సినవాళ్లు, సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటాల్సినవాళ్లు నిశ్చింతగా రాగలిగేది ఈ సమయం కచ్చితంగా పాటించినప్పుడే. ఆడవాళ్లు వక్తలుగా రావాలన్నా ఇదే ముఖ్యం. నరసాపురం లేసు అల్లేవాళ్ల చేతుల్లో ఎంత లెక్కుందో వాళ్ల నోటి నుంచే వినాలి. ప్రశ్నలు వేదిక మీద వద్దు. విరామంలో కాఫీ దగ్గర వక్తలు నిలబడితే అడిగేవాళ్లు వాళ్ల చుట్టూ చేరతారు, అసలు సంభాషణ అక్కడే సాగుతుంది. విరామం 20 నిమిషాల కన్నా తగ్గించవద్దనేది అందుకే.

ఇక మా విన్నపం. ఏటా నవంబర్ 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం మొదలు చిన్న ఊళ్ల శాఖా గ్రంథాలయాల దాకా, ఆ ఏడు రోజుల్లో ఒక్క సాయంత్రం ఈ పద్ధతికి కేటాయించాలని కోరుతున్నాం. సార్వా (ఖరీఫ్) వరి కోతలు, తుపాన్లు రెండూ ఆ రోజుల్లోనే కాబట్టి ఇంకో తేదీ కూడా ముందే అనుకుని ఉంచుకోవాలి. వక్తలను వెతకడం సెప్టెంబరులో మొదలుపెడితే సాధనకు సమయం సరిపోతుంది. హాలు, గోడ, నలభై కుర్చీలు గ్రంథాలయం ఇస్తే, స్లైడ్లు కలపడం, సాధన చేయించడం నేర్పడానికి మేం వస్తాం.

ఇట్లు,
కోనసీమ, పశ్చిమ డెల్టా ప్రాంతాల్లో ఐదు నిమిషాల సభలు నిర్వహిస్తున్న కొందరు